భట్టీ వేడి తెలియని చెయ్యి

ఈ నాలుగు మాటలు కుడిచేత్తోనే రాస్తున్నాను. చిటికెన వేలు లేదు, మిగతావి ఉన్నాయి. ఉన్న వేళ్ళకు కూడా కలం పట్టుకున్న సంగతి సరిగా తెలియదు. కళ్ళతో చూసుకుంటూ రాయాలి, కాస్త ఏమరితే కలం జారిపోతుంది. ఇంత కష్టం నీకెందుకు, ఎవరితోనైనా రాయించరాదా అని మా ఆవిడ మాబున్ని అడిగింది. నా చేతికి జరిగింది నా చెయ్యే చెప్పాలని మొండికేశాను. నా అంత మొండివాడు ఉరవకొండలో ఇంకొకడు లేడని ఆమె అభిప్రాయం. షుగర్ ఉండి, నాకేం కాదులే అని తిరిగే మొండివాళ్ళు ఇంకా ఉంటారు. ఇది వాళ్ళ కోసం.

నా పేరు వన్నూరప్ప. మేము దూదేకులవాళ్ళం, ముస్లిములమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బస్టాండుకు కొంచెం ఇవతల మా బేకరీ. నాయన కట్టించిన కట్టెల భట్టీ, ఇప్పటికీ అదే. ఊళ్ళో కొత్త బేకరీల్లో కరెంటు పొయ్యిలు వచ్చాయి, వాటికి వేడి చూపించే ముల్లు ఉంటుంది. మాకు చెయ్యే ముల్లు. కట్టెలు కాలి, నిప్పులు ఒక పక్కకు తోసాక, భట్టీ నోట్లో అరచెయ్యి పెట్టి బిస్మిల్లా మొదలుపెట్టాలి. నిదానంగా అనుకుంటూ పూర్తిచేసేలోపు చెయ్యి తనంతట తాను వెనక్కి వచ్చిందా, బన్నులు పెట్టొచ్చు. మొదలుపెట్టగానే వచ్చేస్తే వేడి ఎక్కువ, కాస్త చల్లారేదాకా ఆగాలి. పూర్తయినా రాకపోతే ఇంకో రెండు తుమ్మ మొద్దులు వెయ్యాలి. ఇది నాయన నేర్పిన విద్య. గుప్పెడు పిండి లోపల చల్లి రంగు చూసే పద్ధతి కూడా ఉంది గానీ, అది పని రానివాళ్ళ పద్ధతని నాయన నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

షుగర్ ఉందని నాకు కొన్నేళ్ళ ముందే తెలుసు. ఊళ్ళో ఎవరో శిబిరం పెడితే వెళ్ళి చూపించుకున్నాను. మాత్రలు ఇచ్చారు. గుర్తున్న రోజు మింగేవాణ్ణి, గుర్తులేని రోజు ఏమీ కాలేదు కదా అనుకునేవాణ్ణి. అన్నం మాత్రం పూర్తిగా మానేశాను. అందుకు నాకు ఎంత గొప్పగా ఉండేదో! అన్నం బదులు రాగిసంగటి. షుగర్‌కు సంగటి మంచిదని మా వైపు చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మంచిదన్నారు గదా అని పొద్దున ఒక ముద్ద, రాత్రి రెండు ముద్దలు. మా ఇంట్లో ముద్దంటే చిన్న బంతి కాదు, రెండు చేతులా ఎత్తితేగానీ లేవదు. దానికి నంజుకోను చెనక్కాయల పచ్చడి, ఊరుబిండి. తిన్నంతసేపూ మందు తింటున్నట్టే అనుకున్నాను.

రంజాన్ నెల

ఆ నెలలో మా బేకరీకి ఊపిరాడదు. ఊళ్ళో ముస్లిముల ఇళ్ళ నుంచి మైదా, చక్కెర, నెయ్యి గిన్నెల్లో తెస్తారు, పండక్కి నాన్‌ఖటాయి బిస్కెట్లు చేసివ్వమని. ఎవరి గిన్నె వాళ్ళదే, ఎవరి నెయ్యి వాళ్ళదే, కలపకూడదు. మా నాయన చేతి నాన్‌ఖటాయి అంటే గుంతకల్లు నుంచి కూడా వచ్చేవాళ్ళు.

నా చేతికి ఇది జరిగిన ఏడు మొదటి విడత అడుగు మాడింది. కట్టెలు మంచివి కావనుకున్నాను. రెండో విడత కూడా మాడింది. కట్టెలు తెచ్చే మనిషితో గొడవ పెట్టుకున్నాను. మూడోసారి చెయ్యి పెట్టి చూస్తే, బిస్మిల్లా పూర్తయినా చెయ్యి వెనక్కి రాలేదు. భట్టీ కాగలేదని ఇంకో మొద్దు వేశాను. ఆ ఇంటివాళ్ళ నెయ్యంతా బొగ్గయింది.

మాబున్ని తమ్ముడు బాషా నా దగ్గరే పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. ఆ రోజు నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

“బావా, భట్టీ మస్తు కాగినాది. నేను ఈడ నిలబడితేనే మొగం కాలతాంది. నీ చేతికే ఏమో అయింది.”

“నా చేతికేమైందిరా? నువ్వు పుట్టకముందు నుంచి పెడతాండా ఈ చెయ్యి భట్టీలో.”

“పిండి చల్లి సూద్దాం బావా, ఒక్కతూరి.”

పిండి చల్లమంటాడా నన్ను, మా నాయన భట్టీ ముందు! ఆ మాటకే నాకు ఒళ్ళు మండిపోయింది. గమ్మునుండమని కసురుకున్నాను. ఆ రోజు ఆ పిండి చల్లి ఉంటే చిటికెన వేలు ఇప్పుడు నా చేతికే ఉండేది. ఇది రాస్తున్నప్పుడు కూడా అది నా మనసును పిండేస్తోంది.

ఎండాకాలం

పండగ అయిపోయింది. ఒక మధ్యాహ్నం, బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల భట్టీ. బ్రెడ్డు ట్రేలు బయటికి లాగుతున్నాను. గుడ్డ ఎక్కడో జారిపోయింది. మాబున్ని కౌంటరు దగ్గర నుంచి ముక్కు ఎగబీల్చింది.

“ఏందో కాలతాంది సూడయ్యా.”

చేతిలో ట్రే అలాగే పట్టుకుని లోపలికి తొంగి చూశాను. ట్రే వెనక చూశాను, కింద పడిన బన్ను ఏమైనా ఉందేమోనని నిప్పుల్లో కూడా వెతికాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె దగ్గరికొచ్చి నా చేతిలోని ట్రేను తోసేసింది. కాలుతున్నది నా అరచెయ్యి.

నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడాన్ని నేను అదృష్టం అనుకున్నాను, చూడండి నా తెలివి. పళ్ళ పేస్టు పూసి, గుడ్డ కట్టి, సాయంత్రం బన్నులు కూడా చేశాను. నొప్పి లేని పుండును ఎవరు పట్టించుకుంటారు? అది వాచి, రంగు మారి, చిటికెన వేలు నల్లబడేదాకా నేను పట్టించుకోలేదు. ఏడుస్తూ, తిడుతూ మాబున్నే నన్ను అనంతపురం బస్సు ఎక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పింది. తర్వాత ఒక సన్నటి పుల్లతో నా వేళ్ళను తాకుతూ, తెలుస్తోందా అని అడిగింది. కళ్ళు మూసుకోమంది. ఆమె తాకుతోందో లేదో నాకు తెలియలేదు. తాకినప్పుడల్లా చెప్పమంటే, ఊరికే తెలుస్తోంది, తెలుస్తోంది అంటూ పోయాను. కళ్ళు తెరిచి చూస్తే ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“వేలు తీసెయ్యాలి. అది నిలవదు. చెయ్యి నిలబడుతుందా అనేది మీ షుగర్ మీద ఉంది. అది దిగకపోతే పుండు పైకి పాకుతుంది. అప్పుడు ఎక్కడిదాకా తియ్యాలో నేను చెప్పలేను.”

కుడిచెయ్యి లేని బేకరీవాడు ఏం చేస్తాడు? పిండి పిసికేది అదే, భట్టీలో పెట్టేది అదే. బయట బెంచీ మీద కూర్చుని మొదటిసారి నాకు భయం వేసింది. నిజమైన భయం. మాబున్ని నా పక్కనే కూర్చుని, బాగున్న ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుంది. మా పెళ్ళయ్యాక నలుగురిలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

చెనక్కాయ విత్తే కాలం

వేలు తీశారు. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ ఏం తింటారని అడిగింది. అన్నం ముట్టను, సంగటే తింటానని గొప్పగా చెప్పాను. ముద్ద ఎంత ఉంటుంది అంది. కట్టు లేని ఒక్క చేత్తో నేను చూపించలేకపోతే, మాబున్ని రెండు చేతులతో చూపించింది. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

“రాగి అయినా అది పిండే కదా! అంత ముద్ద తింటే అన్నం తిన్నట్టే, ఇంకా ఎక్కువే. పుండు మానేదాకా అన్నం, సంగటి, బ్రెడ్డు, అన్నీ పక్కన పెట్టండి. గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినండి.”

బేకరీవాడి మూతికి తాళం వేసింది ఆ అమ్మ. ఇంటికొచ్చాక సమస్య మొదలైంది. రోజూ పొట్టేలు మాంసం తినడానికి మేమేమైనా జమీందారులమా? మా అమ్మ ఉన్నన్నాళ్ళు పెద్దకూర, అంటే ఎనుము, గేదె మాంసం, మా గడప దాటి లోపలికి రాలేదు. మాబున్ని పుట్టింట్లో మాత్రం అది మామూలే. ఆమె ఒక పొద్దున కసాయి దగ్గరికి వెళ్ళి, ఎనుము మాంసం కత్తితో సన్నగా కొట్టించి ఖైమా తెచ్చింది.

“మీ అమ్మకు నేను ఆడికి పోయినాక చెప్పుకుంటాలే. చెయ్యి ముఖ్యమా, గడప ముఖ్యమా?”

ఆమె చేసింది చాలా సులువైన పని. ఖైమాలో అల్లం వెల్లుల్లి, పసుపు, పచ్చిమిరపకాయలు వేసి, నీళ్ళు ఇంకిపోయేదాకా వేయించింది. చివర్లో మిరియాల పొడి, గుప్పెడు మెంతాకు. అది ట్రేలో పరిచి, గుడ్లు బాగా గిలకొట్టి పైన పోసింది. పోసి, భట్టీలో పెట్టింది. అంతే. బన్నులన్నీ బయటికి వచ్చేశాక, భట్టీ చల్లబడే వేళ, ఆ వేడి దీనికి సరిగ్గా సరిపోతుంది. గుడ్డు పొంగి, అంచులు ఎర్రబడితే అయినట్టే. బ్రెడ్డు కత్తితో ముక్కలు కోస్తే కేకులాగే నిలబడుతుంది. దీనికి వేరే ట్రే పెట్టింది, మూత కూడా పెట్టింది. అన్ని కులాలవాళ్ళూ మన బన్ను తింటారు, వాళ్ళ ట్రేకు ఇది తగలకూడదని బాషాకు గట్టిగా చెప్పింది.

మొదటి ముక్క తిన్నాను. కొంచెం చప్పగా ఉంది. అయినా అన్నాళ్ళ ఆకలికి ప్రాణం లేచి వచ్చింది. ఇంకో ముక్క కోసి ఆమెకిచ్చాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“అది నీ మందు. మందు ఎవురన్నా పంచుకుంటారా? నాకు సంగటి ఉండాది పోయ్యా.”

సంగటి నిజంగానే ఉంది. నేను మానేసినా ఇంట్లో సంగటి తగ్గలేదు. ఆమె గిన్నె అదే, నీళ్ళు అవే, కెలికే కట్టె అదే. ఇద్దరికి కెలికిన చెయ్యి, ఒకరికి తక్కువగా కెలకడం ఆమెకు వచ్చేది కాదు. పారెయ్యడం అసలే రాదు. నా ముద్ద కూడా ఆమే తినేది. బ్రెడ్డు కోసినప్పుడు మిగిలే అంచులు టీలో ముంచుకుని తినడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. నీ వంతు కూడా నేనే తింటున్నానని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను, నాకేమీ తోచలేదు.

కట్టు మార్చుకోవడానికి అనంతపురం తిరుగుతూనే ఉన్నాను. పొద్దున వెళితే సాయంత్రమయ్యేది. మాబున్ని డబ్బాలో ఖైమా కేకు పెట్టేది. ఒక రోజు ఆమె మందుల వరుసలో నిలబడింది. నేను ఎడమచేత్తో ఆ డబ్బా మూతతో కుస్తీ పడుతున్నాను. పక్కన ఒక పెద్దాయన, కాలికి లావు కట్టు, భుజాన తువ్వాలు. రాప్తాడు దగ్గర సేద్యమని, రెడ్లమని అంతకుముందే చెప్పాడు. చెనక్కాయలు విత్తాల్సిన అదనులో ఇక్కడ కూర్చున్నానని ఆయన బాధ.

“ఏమప్పా, ఒక చేత్తో యాడ వస్తాది? ఇట్లియ్యి,” అని మూత తీశాడు. “కేకా ఇది? షుగరోనివి, కేకు తింటాండావా?”

“కేకు కాదన్నా. గుడ్లు, ఖైమా.”

“బలే వాసన ఉండాదే. ఒక ముక్క ఇయ్యి. పొద్దున్నుంచి ఏమీ తినల్యా.”

ఆయన చెయ్యి డబ్బాలోకి వచ్చింది. చెప్పకపోతే ఆయనకు తెలియదు. కానీ ఎలా ఊరుకోను?

“అన్నా, అది పెద్దకూర. నువ్వు తినవు.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. బెంచీ చివర కూర్చున్న ఒకావిడ లేచి అవతలికి వెళ్ళింది. నేను డబ్బా తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

“నాకొద్దులే. చెప్పినావు, మంచిపని చేసినావు. చెంచా యాడుండాది?”

సంచిలో ఉందన్నాను. ఆయన డబ్బాను తన ఒళ్ళో పెట్టుకుని, ముఖం కొద్దిగా పక్కకు తిప్పుకుని, ముక్క తర్వాత ముక్క నా నోటికి అందించాడు. ఆయనకు ఆ వాసన ఎలా ఉందో నాకు తెలియదు. అయిపోయేదాకా డబ్బా దించలేదు. మాబున్ని వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది. తర్వాతి వారం ఆయన కోసం బెంచీలన్నీ వెతికాను, కనబడలేదు. పేరు కూడా అడగలేదు. ఆయన కాలు నిలిచిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

చలికాలం

నా పుండు మానింది. షుగర్ దిగింది. చెయ్యి నిలిచింది, ఇక భయం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు బస్సులో మాబున్ని కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. చెయ్యి ఉంది గానీ, స్పర్శ రాలేదు. రాదట. నాయన ఇచ్చిన విద్య నాతోనే ఆగిపోయింది. మనిషి బతికుండగానే విద్య పోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది. పిండి మెత్తగా ఉందో గట్టిగా ఉందో కూడా నేను ఇంకొకర్ని అడగాలి.

భట్టీ వేడి పొద్దున బాషా చూస్తాడు. మధ్యాహ్నం బాషా అంగళ్ళకు సరుకు వెయ్యడానికి పోతాడు కాబట్టి మాబున్ని చూసేది. ఆమె పద్ధతి నా అంత గంభీరంగా ఉండదు. చెయ్యి పెట్టి, ‘అబ్బా, కాగినాదయ్యా’ అని అరిచి, చీర కొంగుతో చెయ్యి ఊదుకునేది. ఆ అరుపు వినబడితే నేను బన్నులు పెట్టేవాణ్ణి. అలా విత్తనం కాలం గడిచింది, చెనక్కాయలు పీకే కాలం కూడా గడిచింది.

చలి బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం, బన్నుల ట్రేలు పట్టుకుని నిలబడ్డాను. మాబున్ని చెయ్యి లోపల పెట్టింది. అరుపు వినబడలేదు. ఆమె తల తిప్పి నాతో మాట్లాడుతోంది, బాషా పెళ్ళి సంబంధం గురించి. చెయ్యి అక్కడే ఉంది.

“ఇంగా కాగల్యా. ఇంగో మొద్దు ఎయ్యయ్యా.”

నేను నిలబడిన చోటికి వేడి కొడుతోంది. ముఖం చురచురమంటోంది. బాషా ఆ రోజు చెప్పిన మాటే నాకు వినబడింది. ట్రేలు కింద పడేశాను. బన్నులన్నీ నేలపాలయ్యాయి. ఆమె చెయ్యి బయటికి లాగాను.

“ఏమైందయ్యా నీకు! బన్నులు సూడు ఎట్లయినాయో!”

గుప్పెడు మైదా తీసి భట్టీలోకి విసిరాను. పడీ పడగానే నల్లబడింది. మా నాయన చూసి నవ్విన పద్ధతి అది. నిజం చెప్పింది అదే.

“నొప్పిగా ఉండాదా మే?”

“యాల నొప్పి? ఏమీ లేదే,” అని అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఎర్రగా కందిపోయింది. దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత నా ముఖం చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆమె కింద కూర్చుండిపోయి, దుమ్ముపట్టిన బన్నులు ఏరడం మొదలుపెట్టింది. వద్దన్నా ఆగలేదు.

మర్నాడు అదే ఆసుపత్రి, అదే బెంచీ. ఈసారి చీటీ నా చేతిలో ఉంది. నన్ను ఇక్కడికి అన్నిసార్లు తీసుకొచ్చిన మనిషికి ఒక్కసారి కూడా రక్తపరీక్ష చేయించలేదు, నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. రోగం నాదే అనుకున్నాం. ఒకే వంటింట్లో, ఒకే గిన్నె ముందు కూర్చుని తిన్నవాళ్ళం. డాక్టరమ్మ పుల్లతో ఆమె వేళ్ళను తాకింది. మాబున్ని కళ్ళు మూసుకుని నిజమే చెప్పింది, తెలియడం లేదని. ఆమె రక్తంలో షుగర్ నాకు మొదట్లో ఉన్నంత ఉంది. ఇంకా మించిపోలేదు, కాలిన చోట పుండు కాలేదు, త్వరగా వచ్చారు, చేతికి ఏమీ కాదు అంది డాక్టరమ్మ. పోయిన స్పర్శ మాత్రం వస్తుందని చెప్పలేనంది.

చదివేవాళ్ళకు ఒక మాట. ఇంట్లో ఒకరికి షుగర్ ఉందంటే, పక్కన కూర్చుని తినేవాళ్ళకూ రక్తపరీక్ష చేయించండి. చేతికి, కాలికి నొప్పి తెలియడం లేదంటే సంతోషపడకండి.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. డబ్బా తీశాను. పొద్దున అంత బాధలోనూ ఆమె నాకోసం ఖైమా కేకు చేసి పెట్టింది. మూత నేనే తీశాను, ఇప్పుడు వస్తోంది నాకు. ముక్కను రెండుగా చేసి ఒకటి ఆమె చేతిలో పెట్టాను. ఈసారి వద్దనలేదు. కొరికి, నమిలి, ఆగింది.

“ఇదేందయ్యా, ఇంత సప్పగా ఉండాది! ఉప్పే సాలల్యా. ఇన్ని దినాలూ ఇట్లనే తింటాండావా? ఒక మాట చెప్పకూడదా?”

ఉప్పు చాలదని నాకు మొదటి రోజే తెలుసు. డాక్టరమ్మ తగ్గించమందేమో అనుకుని ఊరుకున్నాను. వండిన మనిషి అన్ని నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని నోట్లో వేసుకోలేదని అప్పుడే తెలిసింది.